అంతర్జాతీయ వాణిజ్య చట్టం చదవాలనుకుంటున్న మిర్యాలగూడ విద్యార్థికి

మీ నాన్నగారు మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లులో గుమాస్తాగా పనిచేస్తారని, 2023లో ఎగుమతి నిషేధం వచ్చిన రోజున మిల్లులో జరిగిన గందరగోళం చూశాక ఈ చట్టం మీద ఆసక్తి కలిగిందని, ఇప్పుడు నల్లగొండలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ రెండో ఏడాదిలో ఉన్నారని రాశారు. మీరడిగినవి మూడు. ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీళ్ల వ్యవస్థ ఆగిపోయిన ఈ కాలంలో ఈ విషయం చదవడంలో అర్థముందా? ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఇది అందుతుందా? ఎల్‌ఎల్‌ఎం ఎక్కడ చేయాలి? నాది కల్వకుర్తి ప్రాంతం. ఇరవై ఏళ్లకు పైగా న్యాయవాదిగా కస్టమ్స్ కేసులు, యాంటీ డంపింగ్ (విదేశీ సరుకును దాని స్వదేశీ ధర కంటే తక్కువకు ఇక్కడ అమ్మడంపై) కేసులు చూస్తున్నాను. మీలాంటి విద్యార్థులు చాలామంది మూడో ప్రశ్నతో మొదలుపెట్టి దానితోనే ఆగిపోవడం గమనించాను కనుక, దాన్ని నేను చివరికి ఉంచుతున్నాను.

ముందుగా ఈ పేరు కింద మూడు వేర్వేరు చట్టాలు ఉన్నాయని గుర్తించాలి. మొదటిది దేశాలకూ దేశాలకూ మధ్య నడిచేది: సుంకాలు, వాణిజ్యం మీద 1947లో కుదిరిన గాట్ ఒప్పందం, 1995 జనవరి 1న మొదలైన ప్రపంచ వాణిజ్య సంస్థ, దాని కింద ఉన్న వ్యవసాయ, సబ్సిడీ, మేధోసంపత్తి ఒప్పందాలు. రెండోది మన దేశం లోపలి చట్టం: 1962 కస్టమ్స్ చట్టం, 1975 కస్టమ్స్ టారిఫ్ చట్టం, 1992 విదేశీ వాణిజ్య చట్టం. మూడోది వ్యాపారికీ వ్యాపారికీ మధ్య నడిచేది: అమ్మకపు కాంట్రాక్టు, ఓడ రవాణా పత్రాలు, బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ అయిన లెటర్ ఆఫ్ క్రెడిట్, తగాదా వస్తే ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు). విశ్వవిద్యాలయాల్లో ఈ పేరుతో బోధించేది ఎక్కువగా మొదటిదే. కక్షిదారులు మా ఆఫీసు మెట్లెక్కేది మాత్రం ఎక్కువగా రెండో, మూడో చట్టాల కోసం. ఈ తేడా తెలియక ఎల్‌ఎల్‌ఎం పూర్తి చేసి, ప్రపంచ వాణిజ్య సంస్థ ఉన్న జెనీవా తప్ప మరో ఊరు ఊహించుకోలేక నిరాశపడినవారిని నేను చూశాను.

మీరు చూసిన ఆ గందరగోళాన్నే తీసుకుందాం, ఎందుకంటే ఈ మూడు చట్టాలూ ఒకే బస్తాలో ఇంత స్పష్టంగా కనిపించే ఉదాహరణ మన ప్రాంతంలో మరొకటి దొరకదు. 2023 జూలై 20న కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆ అధికారం 1992 చట్టం 3వ సెక్షన్ నుంచి వచ్చింది. ఆ సెక్షన్ కింద నిషేధించిన సరుకును కస్టమ్స్ చట్టం 11వ సెక్షన్ కింద కూడా నిషేధించినట్టే లెక్కిస్తారు కనుక, ఓడరేవులో అధికారి దాన్ని ఆపగలుగుతాడు. నిషేధం పడింది 1006 30 90 అనే కస్టమ్స్ కోడ్ మీద. ఉప్పుడు బియ్యం కోడ్ అప్పట్లో 1006 30 10. ఒకే మిల్లులో, పక్కపక్క షెడ్లలో ఆడించిన రెండు రకాల బియ్యంలో ఒకటి ఆగి, మరొకటి కదిలిందంటే కారణం ఆ చివరి రెండంకెలే.

ఆ రోజున సరుకు ఎక్కడుందన్నదే అసలు ప్రశ్న అయింది. ఓడలోకి ఎక్కించడం అప్పటికే మొదలైన సరుకుకు, షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి ప్రకటన) వేసి, తీసుకెళ్లే ఓడ కూడా రేవుకు చేరిన సరుకుకు, నోటిఫికేషన్‌కు ముందే కస్టమ్స్‌కు అప్పగించి నమోదైన సరుకుకు మినహాయింపు ఇచ్చారు. మిల్లు గోదాములో ఉన్నదానికి ఆ మినహాయింపు లేదు. కాకినాడ దారిలో లారీలో ఉన్నదానికీ లేదు. ఒక్క పూట ముందు బయలుదేరిన లారీ యజమాని గట్టెక్కాడు, టార్పాలిన్ దొరక్క ఆలస్యమైనవాడు మునిగాడు. దీన్ని అదృష్టం అనుకుని వదిలేయకుండా, ఏ క్షణం నుంచి చట్టం సరుకును ఎగుమతి మార్గంలో ఉన్నదిగా గుర్తిస్తుంది అని ప్రశ్నించుకోగలిగితే, మీరు న్యాయవాదిలా చదవడం మొదలుపెట్టినట్టే.

ఆ రోజుల్లో నా దగ్గరికి వచ్చిన ఒక మిల్లు యజమాని సంగతి చెప్పాలి. ఆయన పశ్చిమ ఆఫ్రికాలోని కొనుగోలుదారుకు ఎఫ్‌ఓబీ పద్ధతిలో (సరుకు ఓడకెక్కేవరకు ఖర్చు, బాధ్యత అమ్మకందారువే) తెల్లబియ్యం అమ్మాడు. ప్రభుత్వం నిషేధించింది కాబట్టి కాంట్రాక్టు రద్దయినట్టేనని ధీమాగా ఉన్నాడు. మన భారత కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ అలాంటి భరోసాను కొంతవరకు ఇస్తుంది కూడా. అయితే ఆయన సంతకం చేసిన కాగితంలో వర్తించే చట్టం ఇంగ్లండుదని, తగాదా లండన్‌లో ఆర్బిట్రేషన్‌కు వెళ్తుందని రాసి ఉంది. అనూహ్య పరిస్థితుల గురించి ఉన్న నిబంధనలో తుఫాను, యుద్ధం, సమ్మె ఉన్నాయి కానీ ప్రభుత్వ నిషేధం లేదు. ధాన్యం వ్యాపారంలో వాడే ప్రామాణిక కాంట్రాక్టుల్లో నిషేధానికి ప్రత్యేక నిబంధన ఉంటుంది. ఈయన కొనుగోలుదారు పంపిన రెండు పేజీల సొంత నమూనా మీద సంతకం పెట్టాడు. చివరికి తెల్లబియ్యం బదులు ఉప్పుడు బియ్యం పంపేలా రాజీ కుదిరింది. ఆగస్టు 25న కేంద్రం ఉప్పుడు బియ్యం మీద 20 శాతం ఎగుమతి సుంకం వేసింది. ఎఫ్‌ఓబీలో ఎగుమతి సుంకం భారం అమ్మకందారుదే. కస్టమ్స్ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, షిప్పింగ్ బిల్లు వేసిన తేదీ ఏదైనా, అధికారి సరుకు ఎక్కించడానికి అనుమతి ఇచ్చిన రోజున ఉన్న రేటే వర్తిస్తుంది. లెటర్ ఆఫ్ క్రెడిట్ అంతకుముందే తెరిచి, సరుకు రేవులో ఉన్నవారికి మినహాయింపు దొరికింది. ఈయన రాజీ ఒప్పందం ప్రకారం డబ్బు నేరుగా బ్యాంకు బదిలీ ద్వారా రావాలి కనుక ఆ మినహాయింపు దక్కలేదు. ఆ రాజీ కాగితం రాసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. సుంకం మారితే ఎవరు భరించాలన్న ఒక్క వాక్యం అందులో పెట్టలేదు. ఆ తప్పు నాది, ఇప్పటికీ గుర్తుకొస్తుంది.

ఇందులో ప్రపంచ వాణిజ్య సంస్థ ఎక్కడుందని మీరు అడగవచ్చు. గాట్ 11వ అధికరణం ఎగుమతి, దిగుమతి పరిమితులను సాధారణంగా నిషేధిస్తుంది. దానిలోని రెండో పేరాలో, ఆహార పదార్థాల తీవ్ర కొరతను నివారించడానికి తాత్కాలికంగా విధించే ఎగుమతి నిషేధానికి మినహాయింపు ఉంది. వ్యవసాయ ఒప్పందం 12వ అధికరణం మరో మెలిక పెడుతుంది: అలా నిషేధించే దేశం దిగుమతి చేసుకునే దేశాల ఆహార భద్రతను కూడా ఆలోచించాలి, ముందుగా తెలియజేయాలి. వర్ధమాన దేశాలకు ఈ బాధ్యత లేదు, కానీ ఆ వస్తువును నికరంగా ఎగుమతి చేసే వర్ధమాన దేశానికి ఉంది. బియ్యం విషయంలో మనం అలాంటి దేశమే. ‘తాత్కాలికం’ అంటే ఎంత కాలం, ‘తీవ్ర కొరత’ అంటే ఎంత కొరత? చైనా ముడి ఖనిజాల కేసులో 2012లో అప్పీళ్ల సంస్థ ఈ మాటలకే అర్థం చెప్పింది. ఆ పేరాలు చదివి, మన నిషేధం 2023 జూలై నుంచి 2024 సెప్టెంబరు వరకు నడిచిందన్న సంగతితో పోల్చి చూడండి. సమాధానం మీరే రాయగలరు.

ఇక మొదటి ప్రశ్న. 2019 డిసెంబరు 11 నుంచి అప్పీళ్ల సంస్థకు కేసు వినడానికి కావలసిన ముగ్గురు సభ్యులు లేరు. కొత్త నియామకాలను అమెరికా అడ్డుకుంటూ రావడమే దానికి కారణం. ఇప్పుడు మొదటి దశలో కేసు వినే ప్యానెల్‌లో ఓడిన దేశం అప్పీలు వేస్తే ఆ కేసు అక్కడే నిలిచిపోతుంది. చెరకు మద్దతు, చక్కెర ఎగుమతి సబ్సిడీల కేసులో 2021 డిసెంబరులో మనం ఓడి, అలాగే అప్పీలు వేశాం. మన ఎగుమతి ప్రోత్సాహక పథకాల మీద అమెరికా వేసిన కేసులోనూ 2019లో అదే చేశాం. ఆ కేసులో ప్రత్యేక ఆర్థిక మండళ్ల రాయితీలు కూడా ఉన్నాయి. అంటే జడ్చర్ల దగ్గర పోలేపల్లి ఆర్థిక మండలిలో మందుల కంపెనీలు ఏ నియమాల కింద నడుస్తున్నాయో, ఆ నియమాలే జెనీవాలో ప్రశ్నకు గురయ్యాయి. తీర్పు అమల్లోకి రాకపోయినా ప్రభుత్వం ఆ పథకాల్లో ప్రధానమైన, ఎగుమతి విలువలో కొంత శాతాన్ని ప్రోత్సాహకంగా ఇచ్చే ఎంఈఐఎస్‌ను పక్కనబెట్టి, 2021 జనవరి నుంచి ఆర్‌ఓడీటీఈపీ తెచ్చింది. కొత్త పథకం ఎగుమతిదారు కట్టిన పన్నులను తిరిగి ఇచ్చే రూపంలో ఉండటం యాదృచ్ఛికం కాదు. అప్పీలు ఆగినా నియమాలు పనిచేస్తూనే ఉంటాయనడానికి నేను తరచూ చూపే ఉదాహరణ ఇదే.

అంతేకాక పని వేరే చోట్ల పెరిగింది. యూఏఈతో ఒప్పందం 2022 మే నుంచి, ఆస్ట్రేలియాతో అదే ఏడాది డిసెంబరు నుంచి అమల్లో ఉన్నాయి. ఇలాంటి ఒప్పందాల కింద తక్కువ సుంకం కోరే దిగుమతిదారు సరుకు నిజంగా ఆ దేశంలోనే తయారైందని చూపాలి. 2020లో వచ్చిన నియమాలు ఆ రుజువు భారాన్ని బాగా పెంచాయి. దీని మీద వివాదాలు తెగడం లేదు. యాంటీ డంపింగ్ దర్యాప్తులు ఢిల్లీలో వాణిజ్య శాఖ కింద నిరంతరం నడుస్తూనే ఉన్నాయి, వాటి మీద అప్పీళ్లు కస్టమ్స్ అప్పీళ్ల ట్రిబ్యునల్ అయిన సెస్టాట్‌కు వెళ్తాయి. కాబట్టి చదవడంలో అర్థముంది, కానీ అప్పీళ్ల సంస్థలో వాదించాలన్న కలతో మాత్రమే అయితే లేదు.

రెండో ప్రశ్నకు నా జవాబు మీరు ఊహించినదానికి భిన్నంగా ఉండవచ్చు. తెలుగు మాధ్యమం ఈ విషయంలో అడ్డంకి కాదు, సరిగా వాడుకుంటే పనికొచ్చే అలవాటు. నేనూ తెలుగు మాధ్యమంలోనే చదివాను. గాట్ 20వ అధికరణాన్ని మొదటిసారి చదివినప్పుడు ప్రతి ఉపవాక్యాన్నీ తెలుగులో నోటుపుస్తకంలో రాసుకున్నాను. ప్రాణుల ఆరోగ్య రక్షణకు ‘అవసరమైన’ చర్య అని ఒకచోట, తరిగిపోయే సహజ వనరుల పరిరక్షణకు ‘సంబంధించిన’ చర్య అని మరోచోట రాయాల్సి వచ్చింది. రెండింటికీ వేర్వేరు మాటలు ఎందుకు వాడారన్న సందేహం అలా రాస్తేనే వచ్చింది. ఆ మాటల మీదే పెద్ద పెద్ద కేసులు నడిచాయి. 1998 నాటి రొయ్యల కేసు అందులో ఒకటి. సముద్రపు తాబేళ్ల రక్షణ పేరుతో అమెరికా పెట్టిన నిషేధాన్ని మనమూ, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి ప్రశ్నించాం. ఇంగ్లిష్‌లో వేగంగా చదివే నా సహాధ్యాయులు ఆ రెండు మాటల మీదుగా జారిపోయారు. పైగా ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందాలకు ఇంగ్లిష్, ఫ్రెంచ్, స్పానిష్ పాఠాలు మూడూ సమాన ప్రామాణికాలు. ఒక మాట సందేహంగా ఉంటే మిగతా రెండు భాషల మాటలతో పోల్చి చూడటం అక్కడ తీర్పరులు చేసే పనే. ఆ పనిని మీరు తెలుగుతో చేస్తారు, అంతే. ఇంగ్లిష్‌లో రాయడం మాత్రం రోజూ సాధన చేయాలి. దానికి దగ్గరి దారి లేదు.

మొదట చదవాల్సిన కేసుగా నేను కోళ్ల కేసును సూచిస్తాను. బర్డ్ ఫ్లూ కనిపించిన దేశాల నుంచి కోడిమాంసం, గుడ్ల దిగుమతిని మనం నిషేధిస్తే, అమెరికా 2012లో కేసు వేసింది. 2015 జూన్‌లో మనం అప్పీలులోనూ ఓడాం. ఎందుకు ఓడామో చూడండి. వ్యాధి తీవ్రత తక్కువగా ఉన్న రకానికి కూడా దేశం మొత్తం మీద నిషేధం పెట్టాం. అంతర్జాతీయ పశు ఆరోగ్య ప్రమాణాలు అంత కఠినంగా లేవు. వాటిని మించాలంటే ప్రమాద అంచనా అధ్యయనం ఉండాలి, అది మన దగ్గర లేదు. ఒక రాష్ట్రంలో వ్యాధి వస్తే ఆ ప్రాంతం వరకే ఆపాలన్న నియమాన్నీ మనం పట్టించుకోలేదు. షాద్‌నగర్ చుట్టుపక్కల కోళ్ల ఫారాలు చూసినవారెవరికైనా ఈ వాదనలు వెంటనే అర్థమవుతాయి. మన దేశం గెలిచిన కేసు కంటే ఓడిన కేసు ఎక్కువ నేర్పుతుందన్నది నా అభిప్రాయం. గెలిచిన కేసులో గర్వం అడ్డొస్తుంది. తీర్పుల పాఠాలన్నీ ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మొదటి పేజీ నుంచి కాకుండా, ముగింపు తీర్మానాలు చదివి, ఒక్కో తీర్మానానికి కారణం వెతుకుతూ వెనక్కి వెళ్లండి.

ఎల్‌ఎల్‌బీలో ఉన్నప్పుడే కాంట్రాక్టు చట్టం, రాజ్యాంగం, సాక్ష్యం గట్టిగా చదవండి. కాలేజీలో ఎవరూ చెప్పనిది ఇంకొకటి ఉంది, అది లెక్కలు. యాంటీ డంపింగ్ అంటే చివరికి అంకగణితమే. మనం యూరప్ మీద వేసి 2001లో గెలిచిన దుప్పట్ల కేసు చూడండి. ఒక రకం దుప్పటి స్వదేశీ ధర కంటే పది రూపాయలు తక్కువకు, మరో రకం పది రూపాయలు ఎక్కువకు ఎగుమతి అయిందనుకోండి. సగటు తీస్తే డంపింగ్ లేదు. ఎక్కువ ధర పలికినదాన్ని సున్నాగా లెక్కపెడితే డంపింగ్ ఉన్నట్టు తేలుతుంది. యూరప్ చేసింది అదే, అది చెల్లదని తేలింది. నేను లెక్కలంటే భయపడి న్యాయశాస్త్రంలోకి వచ్చినవాణ్ణి. నా మొదటి విచారణలో అవతలి పక్షం కాస్ట్ అకౌంటెంట్ అడిగిన తరుగుదల ప్రశ్నకు నీళ్లు నమిలాను. ఆ తర్వాత రాత్రిపూట కూర్చుని బ్యాలెన్స్ షీట్ చదవడం నేర్చుకోవాల్సి వచ్చింది. మీ నాన్నగారు గుమాస్తా కనుక ఆ గురువు మీకు ఇంట్లోనే ఉన్నారు.

పరిశోధనకు అంశం కావాలంటే మన ప్రాంతం నుంచే తీసుకోండి. వ్యవసాయ ఒప్పందం కింద మద్దతు ధర వల్ల కలిగే సబ్సిడీని లెక్కగట్టేటప్పుడు, ఇప్పటి ధరను 1986-88 నాటి స్థిర ధరతో పోలుస్తారు. వర్ధమాన దేశానికి ఆ పంట ఉత్పత్తి విలువలో 10 శాతం వరకే వెసులుబాటు. వరి విషయంలో మనం 2018-19లో ఆ పరిమితి దాటి, పరిమితి దాటినా ఇతర దేశాలు కేసు వేయకుండా కాపాడే, 2013 బాలి సమావేశంలో కుదిరిన తాత్కాలిక రక్షణ నిబంధనను ఆశ్రయించాం. 2024లో తెలంగాణ ప్రభుత్వం సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇవ్వడం మొదలుపెట్టింది. అది రాష్ట్రం ఇచ్చేది. మన రాజ్యాంగం ఏడో షెడ్యూలులో అంతర్జాతీయ ఒప్పందాలు కేంద్ర జాబితాలో 14వ అంశం, వ్యవసాయం రాష్ట్ర జాబితాలో 14వ అంశం. ఒకే అంకె, రెండు ప్రభుత్వాలు. జెనీవాలో జవాబుదారీ మాత్రం ఒక్క భారతదేశమే. పునరుత్పాదక ఇంధనం కేసులో అమెరికాకు చెందిన ఎనిమిది రాష్ట్రాల పథకాల మీద మనమే ఫిర్యాదు చేసి 2019లో ప్యానెల్ దగ్గర గెలిచాం కనుక, రాష్ట్రాలు చేసినదానికి దేశానికి పూచీ లేదని మనం అనలేం. వడ్లు కొనే ఐకేపీ కేంద్రంలో కాంటా మీద పెట్టిన వడ్లబస్తా ఆ లెక్కలో ఎక్కడ పడుతుంది? దీని మీద క్షేత్రస్థాయి అవగాహనతో రాయగలిగినవారు ఢిల్లీలో తక్కువ. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉన్నా, మద్యానికి ఉన్నంత గట్టి రక్షణ వస్త్రానికి అంతర్జాతీయ ఒప్పందంలో ఎందుకు లేదన్నది కూడా మంచి అంశమే, కానీ దాని మీద ఇప్పటికే చాలామంది రాశారు.

ఇక ఎల్‌ఎల్‌ఎం. క్లాట్ పీజీ ప్రవేశ పరీక్ష రాసి హైదరాబాద్‌లోని నల్సార్ వంటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో సీటు వస్తే మంచిది, ముఖ్యంగా గ్రంథాలయం కోసం, మూట్ కోర్టు (విద్యార్థుల నమూనా వాదన) పోటీల కోసం. ప్రపంచ వాణిజ్య సంస్థ చట్టం మీద జరిగే జాన్ జాక్సన్ మూట్ కోర్టు పోటీకి సన్నద్ధమైన విద్యార్థి, అందులో ఓడినా, ఏడాది పాఠాల కంటే ఎక్కువ నేర్చుకుంటాడు. సీటు రాకపోతే రాష్ట్ర ప్రవేశ పరీక్ష పీజీలాసెట్ ద్వారా ఉస్మానియాలో చేరి, అవే తీర్పులు అక్కడే చదవవచ్చు. విదేశీ ఎల్‌ఎల్‌ఎం కోసం ఇప్పుడే పొలం తాకట్టు పెట్టవద్దు. రెండు మూడేళ్లు కస్టమ్స్ న్యాయవాది దగ్గరో, యాంటీ డంపింగ్ కేసులు చూసే సంస్థలోనో పనిచేశాక వెళ్తే, ఏ కోర్సు మీకు కావాలో తెలుస్తుంది, స్కాలర్‌షిప్ దరఖాస్తులో రాయడానికి సొంత విషయమూ ఉంటుంది. తర్వాత బోధన రంగంలోకి రావాలనుకుంటే, ఏడాది విదేశీ డిగ్రీకి ఇక్కడి గుర్తింపు గురించి బార్ కౌన్సిల్ నియమాలను చేరకముందే చదువుకోండి.

ఈ వేసవి సెలవుల్లో చేయదగిన పని ఒకటుంది. యజమాని అనుమతితో మిల్లులో పూర్తయిన పాత ఎగుమతి ఫైలు ఒకటి తీసుకోండి. అందులో కాంట్రాక్టు, ఇన్‌వాయిస్, షిప్పింగ్ బిల్లు, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కినట్టు రవాణా సంస్థ ఇచ్చే పత్రం), ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (సరుకులో తెగుళ్లు లేవన్న ధ్రువపత్రం), లెటర్ ఆఫ్ క్రెడిట్, బ్యాంకు రియలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు అందిందని బ్యాంకు ఇచ్చేది) ఉంటాయి. ఒక్కో కాగితాన్ని ఎవరు ఇచ్చారు, ఏ చట్టం కింద ఇచ్చారు, అందులో తేదీ ఒక రోజు అటూ ఇటూ అయితే ఎవరికి నష్టం అన్న మూడు ప్రశ్నలకు తెలుగులోనే జవాబులు రాసి పెట్టండి. బిల్ ఆఫ్ లేడింగ్ తేదీకీ లెటర్ ఆఫ్ క్రెడిట్‌లో ఉన్న చివరి లోడింగ్ తేదీకీ పొంతన కుదరని ఫైలు దొరికితే దాన్నే ముందు తీసుకోండి. బ్యాంకు డబ్బు ఎలా ఇచ్చిందో మీ నాన్నగారిని అడగండి.